ఎనిమిది గొలుసులు

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మానవజాతి చరిత్రను రాతియుగము, కంచుయుగము, ఇనుపయుగము అని చరిత్రకారులు విభజించినారు. యుగాలు ఎన్ని మారినా మనము నేటికీ ఇనుమును ఆశ్రయించియే జీవిస్తున్నాము. మనము కూర్చుండి పాఠాలు వినే తరగతి గది కప్పులోను, ఊరి బయట దాటే వంతెనలోను, త్రాగునీటి ట్యాంకు స్తంభాలలోను ఉక్కు కడ్డీలు దాగి ఉన్నవి. అవి కంటికి కనబడవు. వాటిని వందల మైళ్ళు మోసి మన ఊరికి చేర్చినవారు అంతకంటె కనబడరు. అట్టివారిలో మా తండ్రిగారు ఒకరు. ఆయన ఇరువది సంవత్సరాలకు పైగా ట్రైలరు నడుపుతున్నారు.

ఈ సంచిక కొరకు ఏదైనా వ్రాయవలసిందని మా తెలుగు అధ్యాపకులు ఆదేశించినప్పుడు 'విద్యార్థి - క్రమశిక్షణ' అన్న విషయం మీద నాలుగు పుటలు వ్రాద్దామనుకున్నాను. కాగితం ముందు కూర్చున్నప్పుడు మాత్రం కలం సాగలేదు. రెండు సంవత్సరాలుగా నా మనసులో దాచుకొన్న ఒక సంగతి ఉన్నది. అది చెప్పకుండా క్రమశిక్షణను గురించి ఇతరులకు బోధించే అర్హత నాకు లేదనిపించినది. అందుచేత ఆ సంగతినే వ్రాస్తున్నాను. ఇందులో కొంత భౌతికశాస్త్రం ఉన్నది, కొంత రహదారి ఉన్నది. మిగిలినది నా తప్పు.

2023వ సంవత్సరం వేసవి సెలవులలో మా అబ్బాజాన్ బండికి క్లీనరు కరవైనాడు. ఉన్న కుర్రవాడు చెల్లెలి పెండ్లికి ఊరికి వెళ్ళినాడు. "పదిహేను రోజులు ఇంట్లో ఊరికే ఉంటావు. నాతో రా, దేశం చూచినట్లూ ఉంటుంది, నాకు తోడుగానూ ఉంటావు" అన్నారు అబ్బాజాన్. అమ్మీ మాత్రం ఒప్పుకోలేదు. "చదువుకొనే పిల్లవాడికి లారీ పని ఎందుకు?" అన్నది. నేనే పట్టుబట్టి బయలుదేరినాను. అప్పటికి నేను యంత్రశాస్త్రంలో జడత్వము, ఘర్షణ, గతిజశక్తి అన్న అధ్యాయాలు చదివి, పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకొన్నవాడిని. బరువును గురించి నాకు తెలియనిది ఏమున్నదన్న గర్వం కూడా కొంత ఉన్నది.

విశాఖపట్టణం చేరి గాజువాక వద్ద లోడు కొరకు వరుసలో నిలిచినాము. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అన్న నినాదంతో 1966లో సాగిన ఉద్యమమును గురించి, అందులో 32 మంది ప్రాణాలు అర్పించుటను గురించి, 1971 జనవరి 20న శ్రీమతి ఇందిరాగాంధీ ఆ కర్మాగారానికి శంకుస్థాపన చేయుటను గురించి, 1992లో శ్రీ పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేయుటను గురించి చదివియున్నాను. ఆ పేరు గల కడ్డీలను కట్టలు కట్టలుగా క్రేను ఎత్తి మా బండి మీద దింపుతుంటే చూచుట అదే మొదటిసారి.

మా అబ్బాజాన్ నడిపే ట్రైలరుకు పక్కలు లేవు, కప్పు లేదు. ముందు ఇంజను గల బండి, దాని వెనుక 40 అడుగుల చదునైన ఇనుప బల్ల. ఆ బల్లకు ముందు కొసన ఒక అడ్డుపలక, దానికి మూడడుగుల ముందు మేము కూర్చుండే క్యాబిన్. క్యాబిన్‌లో సీట్ల వెనుక నిద్రించడానికి ఒక బల్ల. ఆ రోజు లోడు 12 మిల్లీమీటర్ల కడ్డీలు, ఒక్కొక్కటి 12 మీటర్ల పొడవు, మొత్తం 25 టన్నులు. నేను లెక్క వేసినాను. ఆ కడ్డీ మీటరుకు 0.888 కిలోల చొప్పున ఒక్కొక్కటి పది కిలోలకు కొంచెం పైన తూగుతుంది. అంటే మా వెనుక రెండువేల మూడువందలకు పైగా కడ్డీలు ఉన్నవన్నమాట. ఆ లెక్క చెబితే అబ్బాజాన్ నవ్వి, "అయితే రెండువేల మూడువందల మంది ప్రయాణీకులు ఎక్కినారు. ఒక్కరికీ పట్టుకొని కూర్చుండడానికి చేతులు లేవు. వాళ్ళ చేతులు మనమే" అన్నారు.

ఆయన లోడు కట్టించే తీరు వివరంగా చెప్పవలసియున్నది. మొదట బల్ల మీద అడ్డంగా గట్టి చెక్కదుంగలు పరచినారు. దుంగలు చదరముగా ఉండవలెను. గుండ్రనివైతే బరువు క్రింద దొర్లుతవి. పై వరుస దుంగ సరిగా క్రింది వరుస దుంగ మీదనే రావలెను. లేకున్న నడుమ కడ్డీలు వంగి కట్టంతా వదులవుతుంది. దుంగకు, ఉక్కుకు మధ్య పాత టైరు ముక్కలు వేయించినారు. కడ్డీల కొసలను వీలైనంతవరకు ముందు అడ్డుపలకకు ఆనించినారు. ప్రక్కలకు జారకుండా బల్ల అంచున ఇనుప గుంజలు నిలబెట్టినారు. ఆ తరువాత ఒక్కొక్క కట్ట నడుముకు గొలుసును చుట్టుగా త్రిప్పి బిగించి, అన్నిటి మీదుగా బల్ల ఆ అంచు నుండి ఈ అంచుకు ఎనిమిది గొలుసులు వేసి, లివరుతో బిగించినారు. క్రేను వాడు తొందరపెట్టినా, వెనుక లారీల వారు హారన్లు మోగించినా ఆయన పని ఆయనదే. "ఇక్కడ అరగంట పోతే తిట్లు పడతాయి. అక్కడ అరక్షణం పోతే..." అని వాక్యం పూర్తి చేయకుండా గొలుసు మీద రాడ్డుతో కొట్టినారు. అది ఖంగుమన్నది. "ఈ చప్పుడు గుర్తు పెట్టుకో. బిగువుగా ఉన్న గొలుసు పలుకుతుంది. వదులైనది మూలుగుతుంది" అన్నారు.

ఇన్ని చుట్లు, ఇన్ని గొలుసులు ఎందుకని నాకు సందేహం. 25 టన్నుల బరువు తనంతట తానే కదులుతుందా? ఆ సందేహమునకు సమాధానం నా పుస్తకంలోనే ఉన్నది. నేను చూడలేదు. తరువాత ఇంటికి వచ్చి చేసిన లెక్కను ఇక్కడ వ్రాస్తున్నాను. మన విద్యార్థులు దీనిని తమ నోటుపుస్తకంలో చేసి చూచుకొనవచ్చును.

బండిని ఆపేది బ్రేకు. కాని బ్రేకు చక్రాలను మాత్రమే ఆపుతుంది. బల్ల మీది బరువుకు బండి ఆగినదన్న వార్త ఎవరు చెబుతారు? బల్లకు, బరువుకు మధ్యనున్న ఘర్షణ చెప్పవలెను. లేదా గొలుసు, అడ్డుపలక చెప్పవలెను. ఎవ్వరూ చెప్పకపోతే న్యూటన్ మహాశయుని ప్రథమ నియమం ప్రకారం ఆ బరువు తన దారిన తాను ముందుకు పోతూనే ఉంటుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు లోడు తన బరువులో పదింట ఎనిమిది వంతుల బలంతో ముందుకు త్రోయగలదని తీసుకొని, అమెరికా, ఐరోపా దేశాలలో లోడు కట్టే నిబంధనలు ఏర్పరచుకొన్నారు. మలుపులలో ప్రక్కకు సగం బరువు బలం. మా లోడు 25 టన్నులు గనుక ముందుకు 20 టన్నుల బలం.

దీనిని ఆపేది ఏమిటి? పొడి ఉక్కు మీద పొడి ఉక్కు ఘర్షణ గుణకం సుమారు 0.2 అనుకొందాము. అప్పుడు 25 టన్నుల బరువు తనకు తానుగా ఇచ్చే పట్టు 5 టన్నులు మాత్రమే. పైనుండి వేసిన ఎనిమిది గొలుసులు ఒక్కొక్కటి ఒక టన్ను బిగువుతో రెండు అంచులకూ క్రిందికి లాగితే 16 టన్నుల ఒత్తిడి చేరుతుంది. దాని వలన కలిగే పట్టు 16ను 0.2తో గుణించగా 3.2 టన్నులు. మొత్తం 8.2. కావలసినది 20. మిగిలిన సుమారు 12 టన్నులను ముందు అడ్డుపలక, చుట్టు గొలుసులు భరించవలెను. పైనుండి వేసే గొలుసు బరువును కట్టి ఉంచుతుందని నేను అనుకొన్నాను. నిజానికి అది బరువును క్రిందికి నొక్కి ఘర్షణను పెంచుతున్నది, అంతే. గొలుసు వదులైతే ఆ కొద్దిపాటి పట్టు కూడా పోతుంది. ఉక్కుకు, బల్లకు మధ్య చెక్క వేస్తే ఘర్షణ గుణకం రమారమి రెట్టింపు అవుతుంది. రబ్బరు వేస్తే ఇంకా పెరుగుతుంది. ఏడవ తరగతితో చదువు ఆపివేసిన మా అబ్బాజాన్ పాత టైరు ముక్కల కోసం పంక్చరు షాపుల చుట్టూ ఎందుకు తిరుగుతారో అప్పుడు అర్థమైనది.

గొలుసు పైపైన ఎంత బిగువుగా ఉన్నా మరొక ప్రమాదం కట్ట లోపల దాగి ఉంటుంది. మన ఇండ్లలో చీపురు పుల్లలు ఎగుడుదిగుడైతే అమ్మ ఏమి చేస్తుంది? కట్టను చేతిలో పట్టుకొని మొదలును నేలకు తాటిస్తుంది. చేయి పై పుల్లలనే పట్టుకొని ఉంటుంది, లోపలి పుల్లలు మాత్రం జారి దిగుతవి. ఇనుప కట్ట కూడా అంతే. గొలుసు వెలుపలి కడ్డీలను పట్టుతుంది. నడిమి కడ్డీలు ఒకదాని మీద ఒకటి, ఉక్కు మీద ఉక్కుగా, ఎవ్వరి పట్టులోను లేకుండా ఉంటవి. బ్రేకు పడినప్పుడు అవే మొదట బయలుదేరుతవి. ఒక్కొక్క కట్ట నడుముకు గొలుసు చుట్టి పిండినట్లు బిగించేది అందుకే.

కడ్డీలకు బదులు చుట్టలుగా వచ్చే తీగ ఉక్కుది మరొక స్వభావం. చుట్టను నేలమీద కంకణం పెట్టినట్లు పడుకోబెడితే దొర్లదు గాని, ఎత్తైనదైతే ఒరిగి పడవచ్చును. చక్రమువలె నిలబెట్టి ముందుకు దొర్లేటట్లు పెడితే బ్రేకు వేసినప్పుడు డ్రైవరు మీదికే వస్తుంది. అమెరికా డ్రైవర్లు ఈ పద్ధతికి 'ఆత్మహత్య' అని పేరు పెట్టుకొన్నారు. ప్రక్కకు దొర్లేటట్లు పెడితే మలుపులో రోడ్డు మీద పడుతుంది. ఏ విధంగా పెట్టినా ఒక అపాయం తప్పదు. ఏ అపాయాన్ని ఎంచుకొన్నామో తెలిసి, దానికి తగిన ఆపు చెక్కలు, గొలుసులు వేయుటయే పనితనం.

ఇక మా ప్రయాణానికి వస్తాను. గాజువాకలో బయలుదేరిన అరగంటకే అనకాపల్లి వద్ద అబ్బాజాన్ బండి ఆపినారు. ఇంకా టీ వేళ కాలేదు, ఆకలి లేదు. "మొదటి ఆపు బండికోసం" అన్నారు. దిగి చూస్తే ఎనిమిదింటిలో ఐదు గొలుసులు అప్పుడే కొంత వదులైనవి. రోడ్డు అదురుకు కట్టలు సర్దుకొంటవి, చెక్కదుంగలు బరువుకు నలిగి పలుచబడుతవి. దుంగ వేలెడు నలిగితే గొలుసు బిగువంతా పోతుంది. ప్రయాణంలో మొదటి 50 మైళ్ళ లోపల ఒకసారి, ఆ తరువాత కూడా నియమంగా లోడును తనిఖీ చేయవలెనని అమెరికా దేశపు చట్టమే చెబుతున్నది. ఆ చట్టం అబ్బాజాన్‌కు తెలియదు. దాని వెనుకనున్న కారణం తెలుసు.

తుని, రాజమహేంద్రవరం, ఏలూరు దాటినాము. గోదావరి వంతెన మీద రాత్రి గాలిలో ఆయన పాత పాట ఒకటి కూనిరాగం తీసినారు. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, కంభం మీదుగా రెండవరోజు తెల్లవారుజామున గిద్దలూరు చేరినాము. ఆపిన ప్రతిచోటా ఆయన దిగి, రాడ్డు తీసుకొని, బండి చుట్టూ తిరిగి ఎనిమిది గొలుసులు తట్టి వచ్చేవారు. నేను రాత్రంతా సీట్ల వెనుక బల్ల మీద నిద్రపోయినాను.

గిద్దలూరు నుండి నంద్యాలకు నల్లమల ఘాటు దాటవలెను. ఆ రాత్రి చిరుజల్లు కురిసినది. రోడ్డు తడిగా ఉన్నది. టీ దుకాణం ముందు బండి ఆపి, అబ్బాజాన్ కండ్లు నులుముకొంటూ, ముఖం కడుక్కోవడానికి వెళుతూ, "బేటా, ఘాటు ఎక్కబోతున్నాము. ఒకసారి చుట్టూ తిరిగి గొలుసులు చూచి రా" అన్నారు. ఆయన ఆ పని నాకు అప్పగించుట ఆ ప్రయాణంలో అదే మొదటిసారి.

నేను రాడ్డు తీసుకొని దిగినాను. ముందునుండి మొదటి గొలుసు తట్టినాను. ఖంగుమన్నది. రెండవది తట్టినాను. అదీ పలికినది. బల్ల ప్రక్కన బురద ఉన్నది. నా కాళ్ళకు కొత్త చెప్పులు. కండ్లు మూతలు పడుతున్నవి. రెండు బాగున్నవి గనుక ఆరూ బాగుంటవనుకొన్నాను. వెనుదిరిగి వచ్చి, "అన్నీ బిగువుగా ఉన్నాయి అబ్బా" అన్నాను. ఆయన నా ముఖం వైపు చూచి, గ్లాసులో టీ నా చేతికి ఇచ్చి, "షాబాష్" అన్నారు.

ఆ మాట ఇప్పటికీ నాకు వినబడుతూనే ఉన్నది.

ఘాటు ఎక్కినాము. తూర్పున తెల్లవారుతున్నది, అడవి పచ్చగా, చల్లగా ఉన్నది. నిద్ర వదిలిపోయి నేను ముందు సీటులోకి వచ్చి కూర్చున్నాను. శిఖరం దాటి నంద్యాల వైపు దిగుతుండగా ఒక మలుపులో గేదెల మంద అడ్డువచ్చినది. వేగం ఎక్కువ లేదు. అబ్బాజాన్ బ్రేకు వేసినారు. బండి ఆగినది. లోడు ఆగలేదు.

వెనుకనుండి వచ్చిన చప్పుడును ఎట్లు వర్ణించవలెనో నాకు తెలియదు. ఒక పెద్ద ఇనుప పెట్టెను మేడమీదనుండి పడవేసినట్లు ఒకటి, వెంటనే రేకు చిరిగిన చప్పుడు మరొకటి. ఆ తరువాత నిశ్శబ్దం. గేదెలు తమ దారిన దాటిపోయినవి. నేను వెనుకకు తిరిగి చూచినాను. ఒక కడ్డీ అడ్డుపలక రేకును చీల్చుకొని, నడుమనున్న మూడడుగులు దాటి, క్యాబిన్ వెనుక గోడను పొడిచి, బెత్తెడు లోపలికి వచ్చి నిలిచియున్నది. రాత్రి నేను తల పెట్టుకొని పడుకొన్న తలగడకు సరిగా పైన.

అబ్బాజాన్ ఒక్క మాట కూడా అనలేదు. హ్యాండు బ్రేకు వేసి, దిగి, చక్రాల క్రింద రాళ్ళు పెట్టినారు. మలుపుకు వెనుక ముందు చెట్టుకొమ్మలు విరిచి వేసినారు. అప్పుడు రాడ్డు తీసుకొని ఒక్కొక్క గొలుసే తట్టుతూ వచ్చినారు. మొదటిది పలికినది, రెండవది పలికినది. మూడవది మూలిగినది. నాలుగవది చేతితో ఊపితే ఊగినది. వాటి క్రింది దుంగ తడిసి, నలిగి, ఒక ప్రక్క చీలియున్నది. నడిమి కట్టలో కడ్డీలు పదిపదిహేను గజం దూరం ముందుకు జారి అడ్డుపలకను వంచినవి. వాటిలో ఒకటి మావైపు వచ్చినది.

"ఎన్ని తట్టినావు?" అని అడిగినారు.

"రెండు" అన్నాను.

నేను దెబ్బకు సిద్ధపడియున్నాను. ఆయన చేతిలోని రాడ్డును నేలమీద పెట్టి, రోడ్డు ప్రక్క గట్టుమీద కూర్చున్నారు. ఆయన చేతులు వణకుట నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. చాలాసేపటికి, "బండి నాది. నేను చూడకుండా కదిలించినాను. తప్పు నాది" అన్నారు. మరి కొంతసేపటికి, "నీ అమ్మీకి చెప్పకు" అన్నారు.

నంద్యాల నుండి క్రేను వచ్చి, లోడు సర్ది, మరల కట్టుకొని కర్నూలు చేరేసరికి ఒక రోజు పట్టినది. బండి యజమాని క్రేను ఖర్చు, అడ్డుపలక మరమ్మతు ఖర్చు అబ్బాజాన్ జీతంలో విరుచుకొన్నారు. ఆ రేకు త్రుప్పు పట్టినదని, మార్పించవలెనని అబ్బాజాన్ అంతకుముందే చెప్పియున్నారు. ఆ మాట ఆయన అప్పుడు ఎత్తలేదు. "ఎట్లు జరిగినది?" అని యజమాని అడిగినప్పుడు "నా పొరపాటు" అని మాత్రం అన్నారు. నేను ప్రక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ నెల ఇంటికి తక్కువ వచ్చిన పైకం ఎక్కడ పోయినదో అమ్మీ అడిగితే, ఆయన టైరు కొన్నానన్నారు. ఆ సంవత్సరం నా కాలేజీ ఫీజు అప్పు తెచ్చి కట్టినారు.

ఉర్దూలో 'అమానత్' అన్న మాట ఉన్నది. మనలను నమ్మి ఒకరు అప్పగించిన వస్తువు అని దాని అర్థం. తెలుగులో నిక్షేపము అంటాము గాని, ఆ మాటలో నమ్మకం అంతగా ధ్వనించదు. మా అబ్బాజాన్ లోడును ఎల్లప్పుడూ అమానత్ అనేవారు. అది ఇనుమును గురించి అనే మాట అని నేను అనుకొనేవాడిని. ఎదురుగా బస్సులో వచ్చేవారు, స్కూటరు మీద వెనుక వచ్చేవారు, రోడ్డు దాటే పిల్లలు, ముందు సీటులో కూర్చున్న కొడుకు, అందరూ ఆ గొలుసులకు అప్పగింపబడినవారే. ఆ తెల్లవారుజామున ఆయన కొంతసేపు ఆ అమానత్‌ను నా చేతిలో పెట్టినారు.

చట్టం తన వంతు చేసినది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 ప్రకారం పూర్వం లారీ వెనుకనుండి ఒక మీటరు వరకు కడ్డీలు పొడుచుకొని ఉండవచ్చును. ఆ పొడుచుకొన్న కొసలకు గ్రుచ్చుకొని ఎందరో మరణించిన మీదట 2014లో ఆ అనుమతిని తొలగించినారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం లోడు హద్దు దాటి ముందుకు, వెనుకకు, ప్రక్కలకు పొడుచుకొని ఉంటే 20,000 రూపాయల జరిమానా, ఆ లోడు దింపించిన ఖర్చు అదనం. కొసకు కట్టిన ఎర్రగుడ్డ అనుమతిపత్రం కాదు. అయినను మన ఊరి వీధులలో ట్రాక్టర్ల మీద, రిక్షాబండ్ల మీద కడ్డీలు తోకవలె నేలకు రాసుకొంటూ పోవుట మనము ప్రతిదినము చూస్తున్నాము. పోలీసువారు ఎన్ని కూడళ్ళ వద్ద నిలబడగలరు? గిద్దలూరు టీ దుకాణం ముందు ఏ పోలీసూ లేడు. మూడవ గొలుసు దగ్గరకు వెళ్ళుటయా, వెనుదిరుగుటయా అన్నది నేనొక్కడినే నిర్ణయించవలసినది.

గత వేసవిలో మరల అబ్బాజాన్ వెంట వెళ్ళినాను. అదే దారి, అదే టీ దుకాణం. ఆయన నన్ను ఏమీ అడగలేదు. బండి దిగి రాడ్డు తీసుకొన్నారు. నేను సీటు క్రింద ఉన్న రెండవ రాడ్డు తీసుకొని ఎడమవైపుకు వెళ్ళినాను. ఆయన కుడివైపున ఒక్కొక్కటి తట్టుతూ, నేను ఎడమవైపున తట్టుతూ, బండి వెనుక కలుసుకొన్నాము. "ఎనిమిది" అన్నాను. ఆయనా "ఎనిమిది" అన్నారు. ఆ తరువాత టీ త్రాగినాము. షాబాష్ అనలేదు. నేను ఎదురుచూడనూ లేదు.

అమ్మీకి ఈ సంగతి ఇంతవరకు తెలియదు. అబ్బాజాన్ తెలుగు మాట్లాడగలరు గాని చదువలేరు. ఉర్దూ చదువుతారు. ఈ సంచికలోని ఉర్దూ భాగమును ఆయన ప్రతి సంవత్సరం ఓపికగా చదివి, తెలుగు భాగమును నాచేత చదివించుకొంటారు. ఈ సంవత్సరం కూడా చదివి వినిపించవలసి వస్తుంది. అమ్మీ కూడా అక్కడే కూర్చుని వింటుంది.

చివరగా మన కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. మన ఆవరణలో కొత్త గదుల నిర్మాణం సాగుతున్నది, అందుకు మేము ఎంతో కృతజ్ఞులము. ఆ గదుల కొరకు ఇనుప కడ్డీలు ట్రాక్టరు మీద ఉదయం తొమ్మిదిన్నరకు, విద్యార్థులు ద్వారం వద్ద గుమిగూడి ఉన్న వేళకు వస్తున్నవి. వాటి కొసలు వెనుక చాలా దూరం వ్రేలాడుతున్నవి. ఒక్క త్రాడు తప్ప మరేమీ వాటిని పట్టియుండలేదు. దయచేసి వాటిని తరగతులు మొదలు కాకముందో, ముగిసిన తరువాతనో తెప్పించవలసిందని, ట్రాక్టరు పొడవుకు మించని విధంగా వంచియో, కోసియో, నడుముకు చుట్టుకట్టు కట్టియో తీసుకొని రమ్మని కాంట్రాక్టరుకు చెప్పవలసిందని ప్రార్థిస్తున్నాను. సోదర విద్యార్థులకు నేను చెప్పగలిగినది ఒక్కటే. ఎవరైనా మిమ్ములను నమ్మి ఎనిమిది చూచి రమ్మంటే, ఎనిమిదీ చూచి రండి. చూడలేకపోతే రెండే చూచినానని చెప్పండి. ఆరు చూడలేదని తెలిస్తే ఆ ఆరింటిని చూచుకొనేవారు మరొకరు ఉంటారు.